మట్టయ్య ఇంటికి పద్నాలుగు వంకలు

జూన్ 27, శుక్రవారం

ఇల్లు నచ్చలేదు. ముందే రాసి పెట్టుకుంటున్నాను, రేపు మనసు మారితే ఈ పేజీ తీసి చూసుకోవాలి.

ఎల్బీనగర్ మెట్రో దిగి పది నిమిషాలు నడవాలి. ఎనభై గజాలు. కింద రెండు గదులు, వంటిల్లు, పైన ఒక గది, మిగతాదంతా డాబా. గేటు పక్కన జామచెట్టు. తొంభై ఐదు లక్షలు చెబుతున్నారు. మట్టయ్య అనే ముసలాయన, ఆయన భార్య అండాలమ్మ ఉంటున్నారు. వాళ్ళ కూతురు సౌజన్య నల్గొండలో కర్రీ పాయింట్ పెట్టిందట. బాగా నడుస్తోంది, చేతులు చాలడం లేదు, మీరు వచ్చేయండి అని పిలుస్తోందట.

ఏజెంటు త్రినాథరావు గారిది రాజమండ్రి వైపు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నా మాట మాత్రం గోదావరి దాటి రాలేదు. నన్నూ మా ఆయన అశోక్‌నీ గేటు బయటే నిలబెట్టి పాఠం చెప్పారు.

"చూడండి మేడమ్, లోపల ఏది చూసినా 'అబ్బ' అనకండి. మొహం ముడుచుకునే ఉండండి. ఆషాఢం కదండీ, ఇల్లు అడిగే నాథుడు ఉండడు. శ్రావణం వచ్చిందంటే పదిమంది ఎగబడతారు. తక్కువకి అడగాలంటే ఇదే నెల."

మొహం ముడుచుకోవడం నాకు ఒకరు నేర్పాలా? పదహారేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో నా ఉద్యోగమే అది. నేతగాళ్ళు తెచ్చిన చీర విప్పి, వెలుతురుకు పట్టి, తప్పు కనబడిన చోటల్లా చిన్న కాగితం ముక్క గుచ్చుతాను. ఎన్ని కాగితాలుంటే ధరలో అంత కోత. విజయశ్రీ మేడమ్ చేతికి వెళ్ళిన చీర కాగితం లేకుండా బయటికి రాదని పోచంపల్లి వాళ్ళే చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

మా ఆయన మాత్రం డాబా మీదికి వెళ్ళగానే "అబ్బ, ఏం గాలి" అన్నాడు. కాలు తొక్కాను.

వెనక గదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషన్ పడుతుంది. నచ్చిందని కాదు, ఊరికే చూశాను.

జూన్ 28

నాయన మంచం కూడా పడుతుంది.

జూన్ 30, సోమవారం

ఓనర్ సీతారాములు గారు మెట్ల మీద ఆపి మళ్ళీ గుర్తు చేశారు. ఆగస్టు ఆఖరుకి ఖాళీ చేయాలి, వాళ్ళ తమ్ముడి సంసారం దిగుతోందట. "ఏమనుకోకండ్రి అమ్మా" అని చాలా మర్యాదగా అన్నారు. సైదాబాద్‌లో ఇది మా నాలుగో కిరాయి ఇల్లు. నలుగురు ఓనర్లూ మర్యాదస్తులే. ఆ మర్యాదతో మూడుసార్లు సామాను సర్దాను. నాలుగోసారి సర్దితే సొంత ఇంటికే సర్దాలని అశోక్‌తో అన్నాను, గట్టిగానే అన్నాను.

చౌటుప్పల్ దగ్గరి ప్లాటు అమ్మిన డబ్బు, బ్యాంకు ఇస్తానన్న లోను కలిపితే ఎనభై ఎనిమిది. అంతకు పైన ఒక్క లక్ష కూడా లేదు. త్రినాథరావు గారు డెబ్బై ఎనిమిదితో మొదలుపెడదామంటున్నారు. "ఊరికే తక్కువడిగితే కోపమొస్తుందండీ, కారణం చూపించి అడగాలి" అన్నారు. కారణాలు నేను చూపిస్తానని చెప్పాను.

జూలై 6, ఆదివారం

ఇవాళ నాయనను కూడా తీసుకెళ్ళాను. కోదండం గారి కూతురినని చెప్పుకోవడం నాకు ఇష్టం. యాభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నాడు. నా ఈ కన్ను నాయన ఇచ్చిందే.

అశోక్‌కి రావడం కుదరలేదు. కోచింగ్ సెంటర్లో అడ్మిషన్ల రోజులు, ఆదివారమూ కౌంటర్లో కూర్చోవాలి. అది మంచికే, ఆయన వస్తే మళ్ళీ గాలిని మెచ్చుకుంటాడు.

గంటసేపు ఇల్లంతా చూశాను. మెట్లు కొలిచాను. తలుపులు వేసి తీశాను. వంటింటి గట్టు మీద నీళ్ళు పోసి ఎటు పారతాయో చూశాను. మూడో మెట్టు మిగతావాటికంటే పొట్టి. గట్టు గోడవైపు వాలింది, నీళ్ళు అక్కడే నిలుస్తున్నాయి. వెనక గది తలుపు నేలకు రాసుకుంటోంది. పడమటి గోడకు పొట్ట వచ్చింది. బాత్రూమ్‌లో నీళ్ళు తూము వైపు తప్ప అన్ని వైపులకూ పోతాయి. మొత్తం పద్నాలుగు. చీటీ మీద నంబర్లు వేసి రాశాను.

అండాలమ్మ స్టీలు గ్లాసుల్లో చాయ్ ఇచ్చింది. అందరం వరండాలో కూర్చున్నాక చీటీ చదివాను. ఒక్కొక్క నంబరుకీ మట్టయ్య "ఔ" అన్నాడు. "ఔ బిడ్డా." "ఔ, అది కూడ ఔ." పద్నాలుగు సార్లు అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. చివర్లో త్రినాథరావు గారు గొంతు సవరించుకుని డెబ్బై ఎనిమిది అన్నారు.

మట్టయ్య ఆ మాట విన్నట్టే లేదు. నా చేతివైపు చూసి, "గా చీటి నాకిస్తవా బిడ్డా?" అన్నాడు.

ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మంచిగ జూసినవ్" అన్నాడు. నా పని ఆయనకు నచ్చినట్టే ఉంది.

నాయన సగం చాయ్ వదిలేసి ఎప్పుడో బయటికి వెళ్ళి జామచెట్టు కింద నిలబడ్డాడు. మెట్రోలో దారి పొడుగునా మాట్లాడలేదు. అలసిపోయి ఉంటాడు.

జూలై 7

నాయన రాత్రి అన్నం తినలేదు. పొద్దున కూడా సగమే తిన్నాడు. ఎండకు తిరిగినందుకే అనుకుంటాను. నిన్నంతా మబ్బే ఉంది గానీ.

జూలై 8, మంగళవారం

చెప్పాడు. నేను షాపుకి బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే చెప్పాడు.

"విజయా, గా ఇల్లు ఎవరు కట్టిన్రో అడిగినవా?"

"ఎవరో కాంట్రాక్టర్ కట్టి ఉంటడు. ఎందుకు నాయినా?"

"మట్టయ్యే కట్టిండు. తాపీ మేస్త్రి ఆయన. ఆరు రోజులు లోకం ఇండ్లు కట్టి, ఏడో రోజు ఆయనొక్కడే గా ఇల్లు కట్టుకున్నడు. అండాలమ్మ ఇటుకలందించింది. మూడేండ్లు పట్టిందంట. నువ్వు కొలతలు చూస్తుంటె అండాలమ్మ చెప్పింది. అప్పటికి పని సరిగ రాదు, మొదటి ఇల్లు బిడ్డా అది."

నేను చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"మా సేటు నా చీర విప్పి ధర కోసేటోడు. కోసినా, కోదండం నేసిండని ఎరికుండి కోసేటోడు. నువ్వు అడగనే లే."

అంత మాట ఎందుకనాలి? నాకు చెప్పాల్సింది త్రినాథరావు గారు. ఫోన్ చేసి అడిగితే, "తెలుసండీ. చెబితే మీరు జాలిపడతారని చెప్పలేదు" అన్నారు. నిజమే, బేరంలో జాలి ఎందుకు? ఆయన అమ్ముకుంటున్నాడు, నేను కొనుక్కుంటున్నాను. లేని తప్పులేమీ రాయలేదు. ఉన్నవే రాశాను.

ఉన్నవే రాశాను.

జూలై 10, గురువారం

గురుపౌర్ణమి. నాయన పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళ్ళి సాయంత్రం వచ్చాడు. ముఖం కాస్త తేరుకుంది. రోజూ వెళ్తాడట. మంచిదే, ఇంట్లో కూర్చుని నావైపు చూడకుండా ఉండే కంటే గుడికి వెళ్ళడం మేలు.

మట్టయ్య నుంచి జవాబు లేదు.

జూలై 12

ఆషాఢం సేలు. నిలబడి నిలబడి కాళ్ళు పోతున్నాయి. త్రినాథరావు గారు ఫోన్ చేశారు. "పెద్దాయన ఔననడు, కాదనడండీ. ఎప్పుడు ఫోన్ చేసినా పనిలో ఉన్నానంటాడు. డెబ్బై ఎనిమిది అరిగించుకోవడానికి టైము పడుతుందిలెండి" అన్నారు.

ఆ ఇల్లు కాకపోతే ఇంకోటి. నాగోల్‌లో అపార్ట్‌మెంట్లు చూపిస్తానంటున్నారు. ఆ కిటికీ మాత్రం అక్కడ ఉండదు.

జూలై 15, మంగళవారం

నాయన ధోతికి సున్నం మరకలు, రెండుసార్లు ఉతికినా పోలేదు. గుడిలో పనులు జరుగుతున్నాయట. ఈ వయసులో అక్కడ సేవ చేస్తున్నావా అంటే, "జర చెయ్యందిస్తున్న" అన్నాడు. సంతోషంగా ఉన్నాడు. రెండు పూటలా గట్టిగా తింటున్నాడు. దేవుడు ఉన్నాడు.

ఇవాళ పోచంపల్లి నుంచి కుసుమకుమారి మూడు చీరలు తెచ్చింది. ఒకదాంట్లో కొంగు దగ్గర పువ్వు చెదిరింది. కాగితం తీసి, గుచ్చబోతూ, ఈ చీర ఎవరు నేశారని అడిగాను. పదహారేళ్ళలో అడగడం ఇదే మొదలు. ఆమె ఉలిక్కిపడింది. "నేనే మేడమ్. గీ నడుమ కన్ను ఆనుతలేదు" అంది.

కాగితం గుచ్చాను. పని పనే కదా. కాని మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవబుద్ధి కాలేదు.

జూలై 20, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

బోనాల సెలవు, షాపు లేదు. పదిన్నరకు తెలియని నంబరు నుంచి ఫోన్. అండాలమ్మ.

"బిడ్డా, మీ నాయిన ఈడ్నే తింటడు గద, ఇయ్యాల బోనం చేసిన. నువ్వు, అల్లుడు కూడ రాండ్రి. కూర మస్తుంది."

"మా నాయిన గుడికి పోయిండు కదా" అన్నాను.

"అయ్యో, నీకు చెప్పలేదా?" అంది.

నేనూ అశోక్ వెళ్ళాం. గేటు దగ్గరే సిమెంటు వాసన. మట్టయ్య బాత్రూమ్ గడప దగ్గర బోర్లా పడుకున్నట్టు వంగి తాపీతో నేల చదును చేస్తున్నాడు. మోకాళ్ళ కింద గోనెపట్టా. మా నాయన పక్కన పీట మీద కూర్చుని గమేళాలోంచి సిమెంటు అందిస్తున్నాడు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. నన్ను చూడగానే నాయన దొంగతనం దొరికిపోయిన పిల్లాడిలా తల దించుకున్నాడు.

గోడకు నా చీటీ అంటించి ఉంది. అన్నం మెతుకులతో అంటించారు. నా చేతిరాత, నా నంబర్లు. తొమ్మిది నంబర్లకు బొగ్గుతో గీత కొట్టి ఉంది.

"ఒచ్చినవా" అన్నాడు మట్టయ్య లేవకుండానే. "తొమ్మిదైనయి. ఐదున్నయి. పడమటి గోడ కొంచెం పెద్ద పని, అది ఆఖరికి పెట్టిన."

"ఎందుకు చేస్తున్నరు? అమ్మే ఇల్లు కదా" అన్నాను.

"అమ్మితే ఏంది? మాటొచ్చింది గద ఇంటికి. లోకం ఇండ్లన్ని మట్టం పెట్టి కట్టిన. గిది కట్టేనాటికి మట్టంబద్ద కూడ లేదు నాకు. తర్వాత సరిజేద్దామనుకున్న, ముప్పై ఏండ్లు గడిచినయి. నువ్వు రాసిస్తె గుర్తొచ్చింది."

కోపంతో అనలేదు. నిజంగానే నాకు థాంక్స్ చెబుతున్నట్టు అన్నాడు. అదే తట్టుకోలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. గట్టు మీద నీళ్ళు గోడ దగ్గర నిలవకుండా నేరుగా తొట్టిలోకి పోయాయి. అండాలమ్మ చూసి, "కూర కారమైందా? ఇంక తిననే లేదు గద" అని నవ్వించింది. కొంగుతో నా ముఖం తుడిచింది.

భోజనాలయ్యాక మా ఆయన చొక్కా విప్పి బనీనుతో ఇసుక జల్లెడ పట్టాడు. అడ్మిషన్ల కౌంటర్లో కూర్చునే మనిషి. జల్లెడలో కంటే కింద ఎక్కువ పోశాడు. అశోక్ అలిసిపోయి కూర్చున్నాక దాన్నంతా మట్టయ్య మళ్ళీ జల్లెడ పట్టుకున్నాడు.

వచ్చేటప్పుడు నాయనను అడిగాను, గుడి అని ఎందుకు అబద్ధం చెప్పావని. "చెప్తె నువ్వు కూడ ఒస్తవని" అన్నాడు. "నువ్వొస్తె ఇంకో పద్నాలుగు రాస్తవు." మెట్రోలో నాలుగు స్టేషన్లూ నాయన భుజం మీద తల పెట్టుకుని కూర్చున్నాను.

ఆ ఇల్లు నాకు మొదటి రోజే నచ్చింది. గేటు తీయగానే నచ్చింది.

జూలై 21, సోమవారం

త్రినాథరావు గారికి ఫోన్ చేసి ఎనభై ఎనిమిది చెప్పమన్నాను. "ఒకేసారి పది లక్షలు పెంచుతారా? ఆయన ఇంకా అడగనే లేదు కదండీ!" అని మొత్తుకున్నారు. మా దగ్గర ఉన్నది అంతే, దాచుకోవడానికి ఏమీ లేదని చెప్పాను. "ఉన్నదంతా చెప్పేస్తే ఇంక నేనెందుకండీ మధ్యలో" అని బాధపడ్డారు పాపం.

జూలై 24, గురువారం

అమావాస్య. ఆషాఢం అయిపోయింది.

ఇల్లు కూడా అయిపోయినట్టే. నాగోల్ నుంచి ఒకాయన వచ్చాడట, తొంభై మూడు అన్నాడట. "రిపేర్లు చేసి ఇల్లు ముస్తాబుగా ఉంది కదండీ, ఇప్పుడు ఎవరు చూసినా అంతే అంటారు" అన్నారు త్రినాథరావు గారు. నా చీటీయే ఇంటి ధర పెంచింది. ఎవరినీ అనడానికి లేదు.

నాయనకు చెప్పాను. "పోనీ, మంచి ధర ఒచ్చింది ఆయనకు" అన్నాడు. అని చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పదిహేను రోజులు సిమెంటు మోసింది ఎందుకో నాకు తెలియదా? ఆ ఇంట్లో తన మంచం ఎక్కడ వేసుకోవాలో ఆయనా చూసుకునే ఉంటాడు.

జూలై 25

శ్రావణ శుక్రవారం. అట్టపెట్టెలు తెచ్చిపెట్టమని అశోక్‌కి చెప్పాను. నాగోల్‌లో కిరాయి ఇల్లు చూడాలి.

జూలై 27, ఆదివారం

మట్టయ్య నాయనకు ఫోన్ చేసి రమ్మన్నాడు. నన్నూ తీసుకురమ్మన్నాడట. వెళ్ళనన్నాను. పోయిన ఇంటిని చూడటానికి ఎందుకు వెళ్ళాలి? నాయన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, నేను వచ్చేదాకా కదిలేలా లేడు.

అశోక్‌తో కలిసి ముగ్గురం వెళ్ళాం. త్రినాథరావు గారు అప్పటికే వరండాలో కూర్చుని ఉన్నారు. పడమటి గోడ పూర్తయింది, ఇంకా తడిగా ఉంది. చీటీలో పద్నాలుగింటికీ గీతలు పడ్డాయి. మట్టయ్య నన్ను వెనక గదిలోకి పిలిచాడు. అక్కడ గోడకు ఆనించి పాత ఇనప బీరువా ఉంది. నాయనా ఆయనా చెరో వైపు పట్టి బీరువాను పక్కకు జరిపారు.

వెనక గోడ మీద నేల నుంచి నా నడుము ఎత్తు దాకా చెమ్మ. పెచ్చులు ఊడి ఇటుక కనిపిస్తోంది.

"పదిహేనోది" అన్నాడు మట్టయ్య. "నీ కంటికి దొరకలె. పక్కింటోళ్ళ నీళ్ళ సంపు గీ గోడకే ఆనుకోని ఉంది. ప్రతి వానకాలం ఒస్తది. నేనేం చేసినా పోలె. బీరువా అడ్డంబెట్టి ముప్పై ఏండ్లు దాచిన."

త్రినాథరావు గారు గుమ్మంలోంచి చూసి నెత్తి పట్టుకున్నారు. "పెద్దాయనా, అమ్మేవాడు ఇలా చూపిస్తాడా ఎక్కడైనా?"

"ఆ నాగోల్ సారుకు చూపించలె" అన్నాడు మట్టయ్య. "ఆయన లోపలికే రాలె. గజాలెన్ని, రోడ్డెంత అని అడిగిండు. కూలగొట్టి ఐదంతస్తులు లేపుతడంట. కూలగొట్టేటోనికి తప్పు చెప్పుడెందుకు? ఉండేటోళ్ళకు చెప్పాలె."

అండాలమ్మ వెనక నుంచి, "ఐదు లక్షలు పోతయని నేనన్న బిడ్డా, అనలేదని చెప్పను" అంది. "కాని ఆ నాగోల్ సారు సగం పైసలు పర్మిషన్ ఒచ్చినంక ఇస్తడంట. అది ఎప్పుడొస్తదో ఎవరికెరుక. మీరు బ్యాంకు కాయితం తెస్తరు గద."

నాయన వైపు చూశాను. ఈ గోడ సంగతి ఆయనకు ముందే తెలుసునని అర్థమైంది. "తెల్సు" అన్నాడు. "ఆయన చెప్తనన్నడు. ఆయన చెప్పే మాట నేను చెప్తె ఎట్ల?"

మట్టయ్య చెమ్మ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. "ఎనభై ఎనిమిది అన్నవ్. దాంట్లకెల్లి దీనికెంత కోస్తవో కొయ్. నీకు ఎరికే గద, నేను కాదన."

షాపులో అయితే ఆ గోడకు ఎంత కోత వేయాలో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఆ పూట లెక్క వేయలేదు.

"కొయ్యను పెద్దనాయినా" అన్నాను. "ఎనభై ఎనిమిదే."

"తప్పున్నప్పుడు కొయ్యాలె బిడ్డా."

"నేను కొయ్యను."

"నువ్వు కొయ్యకుంటె నేను అమ్మ."

అశోక్ నవ్వాడు. త్రినాథరావు గారు నవ్వలేదు. కొనేవాళ్ళు తగ్గించం అంటుంటే అమ్మేవాళ్ళు తగ్గించాల్సిందే అనే బేరం ఇరవై రెండేళ్ళలో చూడలేదని, ఎవరికి సర్దిచెప్పాలో తెలియడం లేదని అన్నారు. చివరికి మా నాయనే ఇద్దరి మధ్యకు వచ్చి, ఒక లక్ష కోసేయమని, దాంతో పక్కింటి సంపు వైపు మందు పూయించుకోవచ్చని తీర్పు చెప్పాడు. కోత వేయడానికి మా నాయన నోరు తెరవడం నేను పుట్టాక ఇదే మొదటిసారి.

మట్టయ్య సరే అనలేదు, కాదనీ అనలేదు. నాయన బీరువాను మళ్ళీ గోడకు జరపబోతే వద్దని చేయి అడ్డం పెట్టాడు. తాపీని తడిగుడ్డతో తుడుచుకుంటూ పడమటి గోడ దగ్గరికి నన్ను తీసుకెళ్ళి వేలితో నొక్కి చూపించాడు.

"ఇంక పచ్చిగనే ఉంది. పండుగొచ్చిందని తొందరపడి రంగులెయ్యకు, ఊడుతది. దసరా దాటనియ్యి. అప్పటిదాక రోజు పొద్దుగాల కిటికీలు తెరిచి గాలి తగలనియ్యి. మర్చిపోవు గద?"

మర్చిపోనని చెప్పాను. ఇల్లు మాదైందని నాకు ఆయన చెప్పింది అలాగే.